నొప్పి లేదని ఊరుకోవద్దు

(మండల మహిళా సమాఖ్య సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



పొద్దటి నుండి పొదుపు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి లెక్కలు విన్నాం. నాకు ఇచ్చిన విషయం రొమ్ము క్యాన్సర్. ఆ మాట వినగానే కొందరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వండి, ఏం కాదు. కానీ ఈ సిగ్గే మనల్ని దవాఖానకు పోనియ్యకుండా చేస్తున్నది.

మన దేశంలో ఆడవాళ్లకు అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే క్యాన్సర్ ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1 లక్షా 92 వేల మందికి ఇది కొత్తగా వచ్చింది. ఆ ఒక్క ఏడే సుమారు 98 వేల మంది చనిపోయారు. తొందరగా కనిపెడితే నయమయ్యే జబ్బు ఇది. మనవాళ్లు చాలామంది ముదిరినాక పోతున్నారు.

ఎందుకు ఆలస్యం అయితది? మొదట్లో ఈ గడ్డ సాధారణంగా నొప్పి పెట్టదు. మనమేమో నొప్పి లేస్తే గాని దవాఖాన గడప తొక్కం. మా పక్క ఊరి సంఘంలో ఒక అక్క ఉంది. ఆమె ఒప్పుకుంటేనే చెప్తున్నాను, పేరు మాత్రం చెప్పను. స్నానం చేస్తుంటే శనగ గింజంత గడ్డ చేతికి తగిలింది. అప్పుడు పత్తి తీసే రోజులు. పత్తి అయినాక చూద్దాం అనుకుంది. తర్వాత బిడ్డ పెళ్లి అడ్డం వచ్చింది. ఆ తర్వాత ఉగాది. దవాఖానకు పోయేసరికి గడ్డ నిమ్మకాయంత అయ్యింది. ఆపరేషన్, కీమో, కరెంటు అన్నీ పడ్డాయి. ఇప్పుడు బాగానే ఉంది. ఆ ఎనిమిది నెలల్లో ఆమె సంఘం పొదుపు గాని, అప్పు కిస్తీ గాని ఒక్కసారి కూడా తప్పలేదు. తన ఒంటి సంగతి ఒక్కటే వాయిదా వేసింది. మనమందరం చేసే పని ఇదే.

కాబట్టి గుర్తులు తెలుసుకోండి. రొమ్ములో గాని చంకలో గాని గడ్డ తగలడం. చర్మం సొట్ట పడడం, నారింజ తొక్కలాగా గరుకుగా మారడం. చనుమొన లోపలికి పోవడం, దాని నుండి రక్తం కారడం. మానని పుండు. ఒక రొమ్ము ఆకారం కొత్తగా మారడం. వీటిలో ఏది కనిపించినా ఆ వారంలోనే చూపించుకోవాలి. చాలా గడ్డలు క్యాన్సర్ కావు. అయితే ఏది అవునో, ఏది కాదో పరీక్ష చేస్తేనే తెలుస్తది.

నెలకోసారి, నెలసరి అయిపోయిన కొద్ది రోజులకు, మూడు వేళ్లు ఆనించి మెల్లగా గుండ్రంగా తిప్పుతూ రొమ్మంతా, చంక దాకా చూసుకోండి. నెలసరి ఆగిపోయిన అమ్మలు పొదుపు కట్టే తారీఖునే గుర్తు పెట్టుకోండి. చేతికి ఏమీ తగలలేదని దవాఖాన పరీక్ష మాత్రం మానొద్దు.

30 ఏళ్లు దాటిన ప్రతి ఆడమనిషికి ఉపకేంద్రంలో, పల్లె దవాఖానలో రొమ్ము పరీక్ష ఉచితంగా చేయాలని ప్రభుత్వ కార్యక్రమమే ఉంది. “చేతితో చూస్తే ఏం తెలుస్తది?” అని కొందరు అంటారు. ముంబైలో టాటా మెమోరియల్ డాక్టర్లు 1998లో మొదలుపెట్టి లక్షన్నర మంది ఆడవాళ్లతో 20 ఏళ్లు అధ్యయనం చేశారు. వాళ్లలో సగం మందిని రెండేళ్లకోసారి చేతితో పరీక్షించింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు. పరీక్ష జరిగినవాళ్లలో జబ్బు తొందరగా బయటపడింది. 50 ఏళ్లు దాటినవాళ్లలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. కాబట్టి మన ఏఎన్ఎం చేతిని తక్కువ చేయొద్దు.

సూది పరీక్ష చేస్తే క్యాన్సర్ పాకుతదనే మాట నిజం కాదు. ఇది అంటురోగం కాదు, ఎవరి పాపమూ కాదు. తొందరగా పోతే చాలామందికి గడ్డ వరకే తీస్తారు, రొమ్మంతా తీయరు. ఖర్చుకు ఆరోగ్యశ్రీ ఉంది. మన రాష్ట్రంలో 2023 డిసెంబరు నుండి దాని పరిమితి 10 లక్షల రూపాయలు. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అర్థం కాకపోతే దవాఖానలో ఆరోగ్యమిత్రను అడగండి.

ఇక ఒళ్లు కదిలించే సంగతి. “పొద్దంతా పనే కదా, మళ్లీ నడకెందుకు?” అని అడుగుతారు. నాటు వేసే, కలుపు తీసే అక్కకు నేను చెప్పేదేం లేదు, ఆమె ఒళ్లు కదులుతూనే ఉంది. కానీ బీడీలు చుట్టే అక్క చాట ఒడిలో పెట్టుకొని పొద్దంతా తల వంచుకొని కూర్చుంటది. కుట్టు మిషన్ అక్క, కిరాణం అక్క కూడా అంతే. అలసిపోతాం, కానీ ఒళ్లు కదలదు. నెలసరి ఆగినాక బరువు పెరిగితే ఈ జబ్బు ముప్పు పెరుగుతది. ఒళ్లు కదిలిస్తే కొంత తగ్గుతది. వారానికి కనీసం 150 నిమిషాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నది. అంటే రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు. మాట్లాడగలగాలి గాని పాట పాడలేనంత వేగంగా నడవాలి. బిడ్డకు చనుబాలు ఇవ్వడం కూడా తల్లికి మేలే. అయితే నడిచేవాళ్లకు, సన్నగా ఉన్నవాళ్లకు రాదని కాదు. నడక నడకే, పరీక్ష పరీక్షే. చికిత్సలో ఉన్నవాళ్లు కూడా డాక్టరును అడిగి మెల్లగా నడిస్తే నీరసం తగ్గుతది.

చివరగా మూడు మాటలు సభ ముందు పెడుతున్నాను. ప్రతి సంఘం తన మినిట్స్ పుస్తకంలో 30 దాటిన సభ్యుల పేర్లు రాసి, పరీక్ష అయ్యిందా లేదా చూడాలి. గడ్డ ఉందని ఎవరు చెప్పినా సంఘం నుండి ఒకరు తోడు పోవాలి. దవాఖానకు అడిగే అంతర్గత అప్పును ముందు వరుసలో ఇవ్వాలి, ఆ నెల కిస్తీకి ఆమెను తొందరపెట్టొద్దు.

కిస్తీ తప్పితే సంఘమంతా ఆమె ఇంటికి పోతాం. పరీక్ష తప్పినా అట్లనే పోదాం.