నేల కింది పొయ్యి



అన్నం ఉడికేటప్పుడు గిన్నె మీద మూత ఎగిరెగిరి పడుతుంది. ఎందుకు? ఆవిరి తోస్తుంది. ఆ ఆవిరి బలంతోనే కరెంటు కూడా పుడుతుంది.

బొగ్గు మండించి నీళ్లు కాస్తారు. ఆవిరి పెద్ద చక్రాన్ని తిప్పుతుంది. చక్రం మిషను‌ను తిప్పితే కరెంటు వస్తుంది.

మరి బొగ్గు లేకుండా ఆవిరి వస్తుందా? వస్తుంది. భూమి లోపలికి పోయేకొద్దీ వేడి పెరుగుతుంది. కొన్నిచోట్ల బోరు వేస్తే ఆవిరి, వేడినీళ్లు పైకి తన్నుకొస్తాయి. ఇటలీ దేశంలోని లార్డెరెల్లోలో 1904లో ఇలాంటి ఆవిరితో కొన్ని బల్బులు వెలిగించారు. ప్రపంచంలో అదే మొదలు.

తెలంగాణలో మణుగూరు దగ్గర పగిడేరు ఉంది. అక్కడ బోర్లలో వేడినీళ్లు వస్తాయి. కానీ అవి మరిగేంత వేడిగా ఉండవు. అందుకని తక్కువ వేడికే మరిగే వేరే ద్రవాన్ని ఆ నీళ్లతో కాస్తారు. దాని ఆవిరితో చక్రం తిప్పుతారు. సింగరేణి సంస్థ అక్కడ ప్రయోగంగా 20 కిలోవాట్ల చిన్న ప్లాంటు పెట్టింది.

ఇందులో బొగ్గు పొగ ఉండదు. బూడిద ఉండదు. రాత్రీ పగలూ కరెంటు వస్తుంది.

అయితే ఒక్క మాట గుర్తుంచుకోండి. నేల లోపలి వేడినీళ్లలో ఉప్పులుంటాయి. కొన్నిచోట్ల విషాలు కూడా ఉంటాయి. వాడిన నీళ్లను చెరువులోకో, పొలంలోకో వదలకూడదు. ఇంకో బోరు ద్వారా మళ్లీ భూమిలోకే పంపాలి. అప్పుడే లోపలి నీళ్లూ తగ్గిపోవు.

మీ ఊళ్లో ఇలాంటి ప్లాంటు పెడతామని ఎవరైనా వస్తే గ్రామసభలో లేచి అడగండి. "వాడిన నీళ్లు ఎక్కడికి పంపుతారు?" అనండి. కాగితం ఇస్తే ముందు చదవండి. తర్వాతే సంతకం.

ఇప్పుడు మనకు చదవడం వచ్చు గదా!