సరా, బేసా: తనిఖీ లెక్క

(బెంగళూరు సర్వసభ్య సమావేశంలో మన సెక్రటరీ చేసిన ప్రసంగం)



చిన్నప్పుడు మనమంతా చింతగింజలు గుప్పిట్లో దాచి "సరా, బేసా?" ఆడినవాళ్ళమే. ఎప్పుడూ సరే పట్టేవాడు నాలుగాటల్లో దొరికిపోతాడు. సరి, బేసి వరసగా మార్చినా దొరికిపోతాడు. సగంసార్లు సరి, సగంసార్లు బేసి, అదీ ఏ వరసా లేకుండా పట్టేవాడి గుట్టు ఎవరికీ చిక్కదు. ఇలాంటి పోటీలకు లెక్క ఉందని 1928లో వాన్ న్యూమన్, 1950లో జాన్ నాష్ రుజువు చేశారు. దాన్ని మిశ్రమ వ్యూహ సమతౌల్యం అంటారు. పేరు చూసి భయపడకండి, మన గేటు దగ్గర జరిగేదే అది.

నేను మిల్లులో ఉన్నప్పుడు ఇన్‌స్పెక్టర్ వచ్చే రోజు ముందే తెలిసిపోయేది. ఆ పొద్దున మాస్కులు పంచేవారు, కొత్త ఓవర్‌టైము రిజిస్టరు బల్లమీదికి వచ్చేది. ఆయన జీపు గేటు దాటగానే మాస్కులు మళ్ళీ బీరువాలోకి పోయేవి. గుప్పిట తెరిచి ఆడిన ఆట అది. ఆ మిల్లు మూతపడింది. ఇప్పుడు మనవాళ్ళు పీణ్యా, బొమ్మనహళ్ళి గార్మెంట్లలో ఉన్నారు.

లెక్క చూద్దాం. అంకెలు ఉదాహరణకే. ఓవర్‌టైముకు రెట్టింపు కూలి అని 1948 ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షను చెప్పింది, 2020 లేబర్ కోడూ అదే చెప్పింది. ఒక యజమాని సింగిల్ రేటే ఇచ్చి వారానికి 10 వేలు మిగుల్చుకుంటాడు. దొరికితే ఆ డబ్బు మనకు తిరిగిచ్చి, పైన 30 వేలు జరిమానా కడతాడు. నాలుగు వారాల్లో ఒక తనిఖీ జరిగితే మూడు వారాల లాభం 30 వేలు, ఒక వారం నష్టం 30 వేలు. సరికి సరి.

ఇప్పుడు ఇన్‌స్పెక్టర్ వైపు. ఒక తనిఖీకి ఖర్చూ శ్రమా 2 వేలు అనుకోండి. మోసం పట్టుకుంటే మనకు 10 వేలు రాబడతాడు. పది తనిఖీలకు 20 వేలు ఖర్చు. అందులో రెండుసార్లు మోసం దొరికితే రాబడి 20 వేలు. మోసం అంతకు మించితే ఆయన తప్పక వస్తాడు, తగ్గితే రాడు. కాబట్టి మోసం పదికి రెండు దగ్గర నిలుస్తుంది.

జరిమానా 70 వేలు చేస్తే? ఎనిమిది వారాలకు ఒక తనిఖీ చాలు. తనిఖీలు సగమవుతాయి, మోసం మాత్రం పదికి రెండే! జరిమానా ఖజానాకు పోతుంది, ఇన్‌స్పెక్టర్ లెక్కలో పడదు. జరిమానా వద్దనడం లేదు, అది లేకపోతే భయమే లేదు. అదొక్కటే చాలదంటున్నాను.

తనిఖీ శ్రమ 2 వేల నుంచి వెయ్యికి దించండి. పది తనిఖీలకు 10 వేలే ఖర్చు, ఒక్క మోసం దొరికినా గిట్టుబాటు. మోసం పదికి ఒకటికి దిగుతుంది. ఆ శ్రమ తగ్గించేది మనమే. తేదీ, షిఫ్టు, గంటలు, పేస్లిప్పు జతచేసిన ఫిర్యాదు ఉంటే ఆయనకు వెతుకులాట తప్పుతుంది.

మన దేశం 1949లో ఆమోదించిన ఐఎల్ఓ 81వ ఒప్పందం ప్రకారం ఇన్‌స్పెక్టర్ ముందు చెప్పకుండా రావచ్చు, ఫిర్యాదు చేసినవారి పేరు బయటపెట్టకూడదు. 2014లో కేంద్రం ఏ ఫ్యాక్టరీకి వెళ్ళాలో కంప్యూటరుతో తీయించే పద్ధతి తెచ్చింది. కంప్యూటరు సరి-బేసి ఆడగలదు, కానీ నిన్న మీరు ఎన్ని గంటలు ఎక్కువ చేశారో దానికెలా తెలుస్తుంది?

అందుకే ప్రతి ఒక్కరూ ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. రోజూ గంటలు రాయండి. పేరు బయటపడుతుందని జంకే అక్కచెల్లెళ్ళు యూనియన్ చేతికివ్వండి, యూనియన్ పేరు మీద పంపుతాం.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!