తెలిసినట్లుండు మాటలు



నేను గ్రామపు లెక్కలు వ్రాయువాడను; గురువు నొద్ద గూర్చుండి కావ్యములు చదివినవాడను గాను. నాకు వచ్చిన నాలుగక్షరములు ఈ గ్రంథాలయపు బల్లల మీద అబ్బినవే. నన్ను ఉపన్యసింపుమని నిర్వాహకులు కోరిరి. మహేంద్రతనయ కావల పర్లాకిమిడిలో, నేడు నాది ఉపన్యాసమని చెప్పినచో, నేనేదో నవల వ్రాసితిననుకొందురు. ఒడియాలో ఉపన్యాసమనగా నవల. ఇట్టి మాటలను గూర్చియే మనవి చేసెదను.

1936లో ఒడిశా వేఱుపడి పర్లాకిమిడి అటు చేరినది గాని, మన సరిహద్దు గ్రామముల వారి భూములును బంధుత్వములును రెండు వైపులను నిలిచియున్నవి. అందుచేత నేను ఒడియా లిపి నేర్చుకొంటిని. ఫకీర్ మోహన్ సేనాపతి నవల ‘ఛ మాణ ఆఠ గుంఠ’ పేరు చూచి, ఇది నా వృత్తిలోని లెక్కయే గదా యని ముచ్చటపడితిని. ఆఱు మాణముల ఎనిమిది గుంటలు. మాణ మించుమించు ఎకరము. తెలంగాణలో ఎకరమునకు 40 గుంటలని వినియుండుటచే ఎనిమిది గుంటలను 20 సెంట్లుగా కట్టితిని. ఒడిశాలో ఎకరమునకు 25 గుంటలే. అవి 32 సెంట్లు. కథలోని భూమి గనుక 12 సెంట్లు తప్పినను ఎవరికిని నష్టము లేదు.

మఱియొక తప్పునకు నష్టము గలిగినది. మా రైతొకడు, ఆవలనున్న తన పొలమును గూర్చిన నోటీసు తెచ్చి, “బాబూ, ఇందులో ఏటి రాసున్నాదో సూడండి” అనెను. ‘ఆపత్తి’ యున్నవారు గడువులోగా తెలుపుకొనవలెనని యందున్నది. ఆపత్తి యనగా మనకు ఆపద. వరదనష్టపు కాగితమనుకొని, “నీ పొలము మునగలేదు గదా, దీనితో నీకు పని లేదు” అంటిని. ఒడియాలో ఆపత్తి యనగా అభ్యంతరము. హద్దుల మీద అభ్యంతరము చెప్పుకొనుటకు ఇచ్చిన గడువది. నా మాట నమ్మి అతడు పోలేదు, గడువు దాటినది, గట్టు ప్రక్కనున్న చెక్క పొరుగువాని పేర నెక్కినది. దానిని సరిచేయించుకొనుటకు రెండేండ్లు తిరిగెను. దారిఖర్చులు నేనిచ్చితిని గాని, పోయిన పనిదినములను ఈయజాలనైతిని. అతడు నన్నొక్క మాటయు ననలేదు.

తరువాత ఆ కాగితమును మఱల చదివితిని. నాకు తెలియని మాటలందు ఐదాఱున్నవి. వానినన్నిటిని మొదటనే నిఘంటువున వెదకియుంటిని. ఆపత్తిని మాత్రము వెదకలేదు; తెలియని మాట మనలను ఆపి అడిగించుకొనును, ఇది అట్లు ఆపలేదు. రెండు భాషలు చదువువారిని పరీక్షించిన మనశ్శాస్త్రజ్ఞులును, ఒక భాష చదువుచుండగా రెండవ భాషలోని అర్థము కూడ లోలోపల మేల్కొనునని చెప్పుచున్నారు. రెండర్థములును ఒక్కటైనచో చదువు వేగమగును; గ్రామము, పత్రము, జలము మనకట్లు తోడుపడునవే. వేఱైనచోటనే చిక్కు. శిక్ష మనకు దండన, వారికి విద్య. వ్యవసాయము మనకు సేద్యము, వారికి వర్తకము, భగవద్గీతలో నిశ్చయము.

ఇంటిలోని గ్రంథముల యందును ఈ చిక్కు కలదు. బాల్యమున భారతము చదువుచు, పాండవులకు ఉద్యోగములు దొరికినది విరాటుని కొలువున గదా, దాని తరువాతి పర్వమునకు ఉద్యోగపర్వమని పేరేల యని చాల దినములు కొట్టుకొంటిని. సంస్కృతమున ఉద్యోగమనగా ప్రయత్నము, సన్నాహము అని తెలియుటకు నాకు చాలకాలము పట్టినది. అడుగుటకు సిగ్గుపడితిని.

నాటినుండి ఇట్టి మాటలను ఒక రూళ్ల పుస్తకమున వ్రాసికొనుచుంటిని. మొదటి పుటలో ఆపత్తి యున్నది. ఆ పుస్తకమును నేడు గ్రంథాలయమునకు అప్పగించుచున్నాను. నిఘంటువుల బీరువాలో నుంచెదమని నిర్వాహకులు మాట యిచ్చిరి. చివర నలువది ఖాళీ పుటలున్నవి. ఆవలి యొడ్డున చుట్టములున్నవారు, కాగితములున్నవారు, తమకు తగిలిన మాటలను అందు వ్రాయగోరెదను.