నత్తను నారుతో తెచ్చుకోకండి



నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల వారికి నత్త కొత్తేమీ కాదు. కె.సి. కాలువ కింద వరిమళ్లలో నత్తను చూడనివారెవరు? అయితే ఈవేళ చెప్పబోయేది ఆ నీటినత్త సంగతి కాదు. దాని గుల్ల నోటికి గట్టి మూత ఉంటుంది. ఇది మూత లేనిది, నేలమీద తిరుగుతూ గాలి పీల్చేది. ఆఫ్రికా రాక్షస నత్త అంటారు. గుల్ల మొనదేలి, గోధుమరంగు చారలతో ఉంటుంది. బాగా ఎదిగితే జానెడు దాకా వస్తుంది.

దీని పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా. 1847లో బెన్సన్ అనే దొర మారిషస్ నుంచి తెచ్చి కలకత్తా తోటలో వదిలాడు. తర్వాత దేశంలో చాలాచోట్లకు పాకింది. తనంతట తాను నడిచి వచ్చిందా? లేదు. మొక్కల వేళ్లమట్టిలో, సామాన్లలో మనుషులే మోసుకొచ్చారు.

అమెరికాలో ఫ్లోరిడా సంగతి వినండి. 1966లో ఒక కుర్రవాడు సరదాకి మూడు నత్తలు తెచ్చాడు. అవి పెరట్లోకి చేరాయి. 1975 నాటికి గాని పీడ వదలలేదు. అప్పటికి ఏరినవి 18 వేలకు పైగా! ఎందుకంటే, ప్రతి నత్తా ఆడా మగా రెండూను. ఒక్కో ఈతకు వందా, అంతకు మించీ గుడ్లు మట్టిలో పెడుతుంది. గుడ్డు కందిగింజంత ఉంటుంది.

పగలు తేమగల చోట నక్కి, రాత్రిపూట మేస్తుంది. అరటిపిలకలు, బొప్పాయి, కూరగాయల నారు దానికి ఇష్టం. ఎండలు ముదిరితే గుల్ల నోటికి పొర కట్టుకొని నెలల తరబడి నిద్రపోతుంది. చచ్చిందనుకోకండి, వాన పడగానే లేస్తుంది.

మరి చేయవలసిందేమిటి? పైనుంచి తెచ్చిన పిలకల మట్టి దులిపి, కడిగి చూడండి. గట్ల వెంట చెత్త తీసేయండి. సాయంత్రం తడి గోనెసంచులు పరచి, కింద బొప్పాయి ఆకులు వేయండి. తెల్లవారేసరికి నత్తలు అక్కడ చేరతాయి. వాటిని ఏరి, పది లీటర్ల నీళ్లలో రెండు కిలోల ఉప్పు కలిపి అందులో వేసి, చచ్చాక గోతిలో పూడ్చండి. ఆ ఉప్పునీళ్లు మాత్రం చేలో పోయకండి, నేల చవుడుబారుతుంది. దున్ని గుడ్లు ఎండకు పెట్టండి. మెటాల్డిహైడ్ గుళికలు వాడాలంటే వ్యవసాయాధికారిని అడిగే వాడండి. కుక్కలు, పశువులు తింటే ప్రాణం మీదికొస్తుంది.

ఇంకొక్క మాట. ఈ నత్తలో మెదడు పొరలకు జబ్బు తెచ్చే పురుగు ఉండవచ్చు. వట్టి చేత్తో ముట్టకండి, పిల్లలను ఏరనీయకండి. పచ్చి ఆకుకూరలు బాగా కడగండి.

ఒక్కటి కనబడినా దాచుకోవద్దు. పక్క రైతుకు చెప్పండి. 1906 నుంచి నంద్యాలలో ఉన్న వ్యవసాయ పరిశోధనా స్థానానికి చూపించండి. ఒక్క చేనువాడు ఏరితే చాలదు, ఊరంతా ఏరితేనే ఫలితం. మూడు ఉన్నప్పుడే ఏరడం సులభం. 18 వేలయ్యాక కాదు.