ఎముకను కరిగించు కణములు

తార్నాక నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమునకు వచ్చువారికి జాతీయ పోషకాహార సంస్థ భవనములు పరిచితములే. 1918లో కూనూరునందు ఒక్క గదిలో ఆరంభమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన సంస్థ ఇది. ఇక్కడి శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గారలు ఫ్లోరైడు నీటి గ్రామములలో మోకాళ్లు లోనికి వంగినవారిని పరిశీలించి, వారి ఎముకలు గుల్లబారుటను గూర్చి 1973లో ప్రకటించిరి. ఫ్లోరైడు ఎముకను గట్టిపరచునని కదా వైద్యులు ఎరిగినది! మరి ఈ గుల్లబారుట ఏల?

ఎముక ఎండుకట్టె వంటిదను భావము తొలగిననే ఈ ప్రశ్నకు దారి కనబడును. ఎముకలో కట్టు కణములును, కరిగించు కణములును ఎడతెగక పనిచేయుచుండును. కరిగించు కణమునకు ఆస్టియోక్లాస్టు అని పేరు. దాని పుట్టుక చిత్రమైనది. రక్తములోని మోనోసైటు జాతి కణములు అనేకము ఒకటిగా కలిసిపోయి, పలు కేంద్రకములు గల పెద్ద కణమగును. అది ఎముకను అంటిపెట్టుకొని, ఆమ్లముతో ఖనిజమును, ఎంజైములతో మాంసకృత్తును కరిగించును. పిలుపు లేనిదే అది పుట్టదు. ర్యాంక్ లైగాండు అను అణువే ఆ పిలుపు. ఆస్టియోప్రొటెజెరిన్ దానిని అడ్డగించును. ఆహారమున కాల్షియము చాలనప్పుడు పారాథైరాయిడు హార్మోను పెరిగి ఈ పిలుపును హెచ్చించును. కాల్షియము కొరవడిన పల్లెలలో ఫ్లోరైడు కీడు ముదురుటకు ఇది యొక కారణము.

ఇదే పిలుపును వాపు కూడ పంపగలదు. రుమటాయిడు కీళ్లవాతములో ట్యూమర్ నెక్రోసిస్ ఫాక్టరు, ఇంటర్‌ల్యూకిన్ 1, 6, 17 అను సంకేతాణువులు కీలులో పెరిగి, ర్యాంక్ లైగాండును హెచ్చించును. అన్ని సంకేతములును ఒక్క తీరువి కావు సుమా! ఇంటర్‌ఫెరాన్ గామా, ఇంటర్‌ల్యూకిన్ 4 ప్రయోగశాలలో ఈ కణముల పుట్టుకను అణచుట కనబడినది. వాపు అనగానే ఎముక కరగునని సూత్రము కట్టువారు దీనిని గమనింపవలెను.

మన ఇండ్లలో అత్తగారికో, పెద్దమ్మకో వ్రేళ్లు వాచి, ప్రొద్దుట గంటసేపు బిగిసియున్నను, వయసు మీదపడినదని ఊరకుందురు. ముప్పది ఏండ్ల కోడలికిని ఈ జబ్బు రావచ్చును. కీలు అంచున ఒకసారి కరిగిన ఎముక చాలవరకు తిరిగి రాదు గనుక, తైలమర్దనముతో నెలలు గడపక మొదటి వారములలోనే వైద్యునికి చూపుట అవసరము. కాల్షియము మాత్రలు ఒక్కటే ఈ అరుగుదలను ఆపలేవు. మెథోట్రెక్సేటు వంటి మందులు వాపునే అణచును. ర్యాంక్ లైగాండును పట్టివేయు డెనోసుమాబ్ అను మందును ఈ రోగులకు ఇచ్చి చూడగా ఎముక అరుగుదల తగ్గినది గాని, కీళ్ల వాపు తగ్గలేదు.