ప్లాస్టిక్ పెట్టెకు మాటు



చిల్లుపడిన బిందెకు మాటు వేయించుట మన పల్లెలలో అందఱును ఎఱిగిన పనియే. పనివాడు వచ్చి చెట్టుక్రింద కొలిమి పెట్టుకొనుటయు, ఇంటింటినుండి పాత్రలు తెచ్చి అతని ముందు పేర్చుటయు మీలో పెద్దలైన వారికి జ్ఞాపకముండును. వడ్రంగి పలకలోని తొఱ్ఱను ఱంపపుపొట్టుతో పూడ్చును. కంసాలి బోలునగలో లక్క నింపును. నేడు మన యిండ్లలో ఇత్తడికంటెను కొయ్యకంటెను ప్లాస్టికే యెక్కువగా నున్నది. దానికి చిల్లుపడినచో పాఱవేయుదుమే కాని మాటు వేయించుట లేదు. వేయవచ్చునని నేనును ఎఱుగనైతిని. ఇటీవల నా మనుమని మూలమున నేర్చుకొంటిని. ఆ సంగతియే నేడు మీకు విన్నవించెదను.

నేను హైదరాబాదు పాతబస్తీలో లాల్‌దర్వాజ దగ్గఱ నివసించుచున్నాను. కూతురును మనుమడును నా యొద్దనే యున్నారు. అల్లుడు దుబాయిలో ఉద్యోగము చేయుచున్నాడు. అతడు చిన్ననాడు ఆడుకొనిన వీడియోగేము పెట్టె యొకటి మా యింట భద్రముగా నున్నది. జపాను దేశమందలి నింటెండో సంస్థ 1983లో ఫామికాం అను ఆటయంత్రమును విడుదల చేసెను. దానిని పోలిన నకళ్లు 1990 తరువాత మన దేశమున విరివిగా అమ్ముడుపోయినవి. మా యింటిది అట్టిదే. దానిని టెలివిజనుకు తగిలించి ఆడుకొందురు. కీర్తిశేషులైన మా వియ్యంకుడుగారు తమ కుమారునికి ముచ్చటపడి కొనియిచ్చినది.

మొన్నటి వేసవి సెలవులలో మా మనుమడు దానికి రంగుదీపములు అమర్చవలెనని పైమూతకు నాలుగు రంధ్రములు తొలిచెను. దీపములు వెలుగలేదు, రంధ్రములు మాత్రము మిగిలినవి. దసరాకు తండ్రి వచ్చునని తెలిసినది మొదలు వానికి అన్నము సహింపలేదు. "తాతా, నాన్న రాకముందే ఎవరికిని తెలియకుండ పూడ్చిపెట్టవా?" అని కన్నీరు పెట్టుకొనెను. "పూడ్చెదను గాని దాచను. పూడ్పు అందము కొఱకే గాని అబద్ధము కొఱకు కాదు. మీ నాయనతో నీవే చెప్పవలెను" అంటిని. వాడు మాఱు పలుకలేదు.

మొదట నాకు లక్క తోచినది. చార్మినారు ప్రక్కనున్న లాడ్‌బజారు లక్కగాజులకు ప్రసిద్ధి. ఆ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. అచ్చట నాకు పరిచయముగల పనివాడొకడు నిప్పులపై లక్కను కాచి, వత్తి, వేడిమీదనే అద్దపురాళ్లు పొదుగుచుండగా పెట్టెను చూపి అడిగితిని. ఆయన నవ్వి, "పెద్దయ్యగారూ, లక్క చల్లబడినచో పెళుసు, వేడి తగిలినచో మెత్తన. మీ యంత్రము వేడెక్కును గదా! లక్కకు లక్కయే అతుకు. దీనికి దీని జాతి వస్తువునే వెదకుడు" అనెను. ఆ మాటయే నాకు దారి చూపినది.

ప్లాస్టిక్కులన్నియు ఒక్క జాతివి కావు. 1907లో బేక్‌లాండు అను శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన బేకలైటు ఒకసారి గట్టిపడిన పిమ్మట మరల కరగదు. పాత రేడియోల నల్లని పెట్టెలు పెక్కులు దానితో చేసినవే. మన బక్కెట్లు, కుర్చీలు వేఱొక జాతి; వాటికి సామాన్యమైన జిగురు అంటదు. ఆటయంత్రముల పెట్టెలు తఱచుగా ఏ.బీ.ఎస్. అను జాతివి. పెట్టె లోపలివైపున ఈ యక్షరములు అచ్చుపోసి యుండుటయు కలదు. అసిటోను అను ద్రవము దీనిని కరగించును. పైకి కనబడని చోట ఒక్క చుక్క వేసి చూచినచో జిగటగా మాఱును. అదియే గుఱుతు.

పురానాపూలు దగ్గఱ గురువారము నాడు సాగు జుమ్మేరాత్ బజారులో అదే జాతి విఱిగిన పెట్టెముక్క యొకటి కొంటిని. దానిని సన్నగా తఱిగి, గాజుసీసాలో అసిటోను పోసి, మూత బిగించి, రాత్రియంతయు ఉంచగా తెల్లవాఱుసరికి బెల్లపుపాకమువలె చిక్కబడినది. ఆత్రమువలన ఆ పాకమును రంధ్రమునిండ ఒక్కసారిగా కూరితిని. రెండు దినములకు ద్రవము ఆవిరియై పూడ్పు క్రుంగిపోయెను. లోపల బుడగలు, చుట్టు మెత్తబడిన అంచులు! తొందరపడిన చేతికి తగిన పాఠమే దొరికినది. అంతయు తీసివేసి మరల మొదలుపెట్టితిని.

రెండవమాఱు చేసిన క్రమము చెప్పెదను. విద్యుత్తు తీగ ఊడదీసి, మఱలు విప్పి, లోపలి యంత్రమును వేఱుచేసి, మూతను సబ్బునీళ్లతో కడిగి ఆఱబెట్టితిని. రంధ్రపు అంచులను ఇరువైపుల ఏటవాలుగా చెక్కి ఉప్పుకాగితముతో గరుకు చేసితిని. అట్లుచేసినచో పూడ్పు నడుమ సన్నమై, కొనల వెడల్పై, ఊడిరాకుండ పట్టుకొనును. అదే ప్లాస్టిక్కుతో బిళ్లలు కోసి రంధ్రములలో ఇమిడ్చి, వెనుక అంటుపట్టీ వేసి, సందులలో పాకమును పలుచగా పూసితిని. ఒక పూత పూర్తిగా ఆఱిన పిమ్మటనే మఱియొక పూత. కడపట పూడ్పును మట్టముకంటె కొంచెము ఎత్తుగా నుంచి వారము దినములు ముట్టలేదు. పిమ్మట ముతక కాగితముతో మొదలిడి సన్ననిదానితో ముగించి, తడిచేయుచు అరగదీసితిని. తడివలన దుమ్ము లేవదు. ఏండ్లు గడచిన ప్లాస్టిక్కు పచ్చబాఱును గనుక అతుకు రంగు కలియదు. కావున మూత కంతటికిని అడుగురంగును, పైరంగును వేయవలసి వచ్చెను.

ఒక హెచ్చరిక. అసిటోను త్వరగా అంటుకొను పదార్థము. దీపము, పొయ్యి, చుట్ట, బీడీ దగ్గఱ నుండరాదు. గాలి యాడు చోటనే పని చేయవలెను. పిల్లల చేతికి ఈయరాదు. మా వాడు ఉప్పుకాగితము మాత్రమే పట్టెను. మఱియు కనబడిన ప్రతి రంధ్రమును పూడ్పదగదు. పెట్టెకు వరుసగా నుండు సన్నని చీలికలు వేడి పోవుటకు పెట్టినవి. అందము కొఱకు వాటిని మూసినచో యంత్రమే చెడును.

అడుగుభాగమున ఒక మూల కాలినట్లున్న వంకర రంధ్రమొకటి కనబడినది. అది చీలిక కాదు, మా వాడు తొలిచినదియు కాదు. దానిని కూడ పూడ్చెదమని బిళ్ల కోసి యుంచితిని. ఆ రాత్రియే మనుమడు ధైర్యము తెచ్చుకొని తండ్రికి ఫోనులో జరిగినదంతయు చెప్పెను. అల్లుడు కొంతసేపు మౌనముగా నుండి, "మామగారిని పిలువుము" అనెనట. నాతో నిట్లనెను: "పైవి పూడ్చుడు మామగారూ. క్రిందిది మాత్రము ముట్టకుడు. మఱ తల అరిగి రాకపోగా మా నాన్నగారు ఊచ కాల్చి దాని చుట్టును కరగించి తీసిరి. ఆనాడు దీపము పట్టుకొని ప్రక్కన కూర్చున్నవాడను నేనే." నేను కోసిన బిళ్లను తీసి ప్రక్కన పెట్టితిని.

దసరాకు అతడు వచ్చెను. పెట్టెను చేతికిచ్చితిమి. పైమూతపై వ్రేలు పెట్టి తడవి, అతుకు దొరకక నవ్వెను. పిమ్మట తలక్రిందు చేసి ఆ కాలిన రంధ్రముపై బొటనవ్రేలు చాలసేపు ఉంచెను. కోపపడలేదు. కొడుకును ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఊచ కాల్చిన నాటి కథ మొదలుపెట్టెను. ఆ కథ నేనును అప్పుడే పూర్తిగా వింటిని.

పెద్దలారా, మన యింట పాతవస్తువు చెడినప్పుడు మాటు వేయుట నేర్చుకొందము, పిల్లలకు నేర్పుదము. దేనిని పూడ్పవలెనో, దేనిని ఉంచవలెనో మాత్రము ఆ వస్తువుతో బ్రతికినవారిని అడిగి తెలిసికొందము. సెలవు.