నీళ్లు తేటగా ఉంటే చాలదు
(తిరుత్తణి గేటు మీటింగులో యూనియన్ కార్యదర్శి ప్రసంగం)



ఆర్సెనిక్‌కు నీళ్లలో రంగు, రుచి, వాసన లేవు. కాచినా పోదు. ఏళ్ల తరబడి తాగితే చర్మం చెడుతుంది, క్యాన్సర్ వస్తుంది. ఎలక్ట్రోప్లేటింగులో వాడే సయనైడ్ ఒంట్లో చేరితే, రక్తంలో ప్రాణవాయువు ఉన్నా కణాలు దాన్ని వాడుకోలేవు. భారత ప్రమాణం ప్రకారం లీటరు తాగునీటిలో ఆర్సెనిక్ 0.01, సయనైడ్ 0.05 మిల్లీగ్రాములకు మించరాదు. ఇంత కొంచెం కంటికి అందదు.

దీన్ని పట్టడానికే శాస్త్రజ్ఞులు బయోసెన్సర్లు తయారుచేశారు. ఆర్సెనిక్ తగిలితే వెలుగునిచ్చే బాక్టీరియాతో వియత్నాం భూగర్భ జలాలను పరీక్షించి, 2005లో ఫలితాలు ప్రకటించారు.

ఆ సాధనం తిరువళ్లూరు, తిరుత్తణి మిల్లులకు వచ్చేదాకా చేతులు ముడుచుకు కూర్చోలేం. లాబొరేటరీలు ఉన్నాయి. మంచి తాగునీరు ఇవ్వాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 18వ సెక్షన్ ఏనాడో చెప్పింది.

మేము కోరేది మూడే. క్యాంటీన్, బోరు నీళ్లను పరీక్ష చేయించాలి. శాంపిలు తీసేటప్పుడు కార్మిక ప్రతినిధి ఉండాలి. రిపోర్టు నోటీసు బోర్డులో పెట్టాలి, తమిళంలోనూ తెలుగులోనూ. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది గాని, మన ఇళ్లలో తెలుగు పోలేదు.

నీళ్లలో విషం ఉందని మేము అనడం లేదు. లేదని కాగితం చూపించమంటున్నాం.